నాలుగో నంబరు రౌతు

రెండూ పదికి పేజీ బల్ల మీద ఉంది. రెండూ నలభైకి లేదు.

పోయింది ఒకే ఒక్క పేజీ. నూట ఎనభై ఏడోది. అయోవా వాలంటీర్ అశ్వదళం అమెరికా అంతర్యుద్ధంలో ఏం చేసిందో ఆరిన్ పెల్ ఆరేళ్లు కూర్చుని రాసిన చరిత్రలోది. నాలుగు గంటలకు హాలులో చేరిన పాత రౌతులందరి ముందూ చదవాల్సింది ఆ పేజీనే. అది వినడానికే మిస్ డమారిస్ కోల్బీ రెండు రోజులు రైల్లో వచ్చింది. పాతికేళ్ల క్రితం, 1864లో, ఆమె తమ్ముడు ఎలా చనిపోయాడో అందులో ఉంది.

షెరిఫ్ ఏసా థ్రెల్కెల్డ్ హాలు తలుపులు వేయించాడు. అతనూ ఆ దళం రౌతే. దొరికేది పాత స్నేహితుడేనని తెలుసు కనుక ఆ పని అతనికి చేదుగా ఉంది.

ఆ అరగంటలో బల్ల ఉన్న పక్కగదిలోకి వెళ్లింది ముగ్గురు. పెల్, కెప్టెన్ టటిల్, గుర్రపు జీనులు కుట్టే లూథర్ వాడ్కిన్స్.

అందరి చూపూ టటిల్ మీదే. దారి తప్పి దళాన్ని బురదలో దించాడని పెల్ అతని గురించి రాశాడు. గుమ్మడికాయల దొంగ అనగానే కెప్టెన్ భుజాలు తడుముకున్నాడు కూడా.

"నా బురద ఏ పేజీలో ఉంది?" అన్నాడు టటిల్.

"నూట నలభైలో," అన్నాడు పెల్.

"అది పోలేదుగా? అదే నా ఏడుపు."

షెరిఫ్ నవ్వలేదు. పోయిన పేజీలో ఏముందో చెప్పమని పెల్‌ను అడిగాడు.

రౌతులు గుర్రాలు దిగి పోరాడేటప్పుడు ప్రతి నలుగురిలో ముగ్గురు ముందుకు పోతారు. నాలుగో నంబరు వెనక నిలబడి నాలుగు గుర్రాలనూ పట్టుకుంటాడు. ఆ రోజు కోల్బీ మూడో నంబరు, లూథర్ నాలుగు. ఫిరంగి గుండు పేలింది. బెదిరిన గుర్రాలు, వాటిని ఒకదానికొకటి కలిపే తోలుపట్టీ తెంపుకుని పారిపోయాయి. గుర్రాల్లేక ముగ్గురూ శత్రువులకు చిక్కి చనిపోయారు. వాటిని పట్టుకోవాలని లూథర్ ప్రాణాలకు తెగించాడని ఆ పేజీ పొగిడింది.

పొగిడిన పేజీని ఎవరు దొంగిలిస్తారు?

షెరిఫ్ గది మళ్లీ చూశాడు. అప్పటిదాకా అందరూ కాగితాల బల్లే వెతికారు. పక్కన పాత కత్తులు, టోపీలు పరిచిన బల్లను ఎవరూ పట్టించుకోలేదు. అక్కడ తెల్లగుడ్డ మీద జానెడు నూనె మరక ఉంది. దాని మీద వస్తువేమీ లేదు.

"ఇక్కడేం పెట్టారమ్మా?" అని డమారిస్‌ను అడిగాడు.

"తమ్ముడి గుర్రం పట్టీ అండీ. గుర్రమొక్కటే శిబిరానికి తిరిగొచ్చిందట. ఏటా నూనె రాసేదాన్ని."

"తెగినచోట పీచులు లేచి ఉండేవా?"

"లేదండీ, నున్నగా ఉండేది. మా అమ్మ రోజూ అక్కడే వేలితో నిమిరేది."



మూడున్నరకు ఆ ముగ్గురినీ, డమారిస్‌నూ కూర్చోబెట్టాడు. గుర్రం తెంపిన తోలు సాగి, పీచులు లేచి తెగుతుందని, నున్నగా తెగిందంటే అది కత్తి పనేనని చెప్పాడు. పట్టీనీ ఆ పేజీనీ ఒకేచోట చూస్తే ఏ రౌతుకైనా అబద్ధం తెలిసిపోతుంది.

"మూడో గుర్రం పట్టీ కొసని నాలుగో గుర్రం కళ్లేనికి తగిలిస్తాం. కోసినవాడి దగ్గర ఆ కొస మిగిలి ఉండాలి. లూథర్?"

లూథర్ కోటులోంచి మడిచిన పేజీ తీశాడు. తర్వాత పట్టీ తీశాడు. ఆఖరున, పాతికేళ్లు జేబులో చెమటకు నల్లబడిన చిన్న తోలుముక్క తీశాడు. బల్ల మీద పక్కపక్కన పెడితే రెండు అంచులూ సరిగ్గా కలిశాయి.

"పట్టీ భయంతో తీశాను. కాగితం సిగ్గుతో తీశాను," అన్నాడు. "గుండేమీ పేలలేదమ్మా. తుపాకుల మోత దగ్గరికొస్తోంది. మూడు గుర్రాలతో పరిగెత్తలేనని కోసేశా."

షెరిఫ్ తల దించుకున్నాడు.

"ఆ రోజు నేనూ నాలుగో నంబరే," అన్నాడు. "నా చెయ్యీ కత్తి మీదకు పోయింది. నా ముగ్గురూ ముందే వచ్చేశారు, అంతే."

డమారిస్ లూథర్‌నే చూస్తోంది. "మావాడు వెనక్కి తిరిగి చూశాడా?"

"చూశాడమ్మా. గుర్రాలు తెమ్మని చెయ్యి ఊపాడు."

ఆమె పేజీని పెల్ వైపు జరిపింది. ఉన్నది కొట్టేసి, ఇప్పుడు విన్నది రాయమంది. అతను రాస్తున్నంతసేపూ ఆ రెండు ముక్కలూ పట్టుకుని కూర్చుంది.

నాలుగు గంటలకు హాలులో నూట ఎనభై ఏడో పేజీ చదివారు. చదివింది లూథర్.