ఆరో ఉత్తరం

ఏంజెల్ నాతో అన్న మొదటి మాట, "చేతులు కడుక్కున్నారా?"

తెనాలిలో రైలెక్కి, చెమటలు కక్కుతూ రేపల్లె చేరి, వాళ్ళ గుమ్మంలో నిలబడి "నా పేరు ఫిన్నీ అండి, పాత దైవసేవకుల చేతిరాత ఉత్తరాలు సేకరిస్తుంటాను" అన్నందుకు వచ్చిన జవాబది! ఒళ్ళు మండింది. కడుక్కుని, ఆమె ఇచ్చిన టవల్‌తో తుడుచుకుని తలెత్తాను. ఆ కళ్ళు చూశాక మంట ఎటు పోయిందో తెలీదు.

వాళ్ళ నాయనమ్మ ధనమ్మగారి బైబిల్లో జ్ఞానరత్నం అయ్యగారి ఉత్తరాలు ఐదున్నాయి. ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నీ కాలినడకన తిరిగి వాక్యం చెప్పిన మనిషాయన. ధనమ్మగారి నాన్నకి రాసేవారట.

"రోజుకి ఒక్కటే బాబూ. పైకి చదవాలి, ప్రార్థన చేసుకోవాలి. మా ఇంటి పద్ధతి," అన్నారు ధనమ్మగారు.

అలా ఐదు శనివారాలు. బాపట్లలో టీచరుగా చేసే ఏంజెల్ శనివారాలే ఇంటికొస్తుంది. ఆమె చదివేది, నేను ఫోన్లో స్కాన్ చేసుకునేవాణ్ణి.

"అడవులదీవిలో దోమలు మెండు, వినువారు కొద్ది," అని చదివి కిసుక్కుమంది ఒకసారి. నేనూ ఆగలేకపోయాను.

"ప్రార్థన ముందు ఏంటా నవ్వులు?" అని ఇద్దరికీ చీవాట్లు పడ్డాయి.

ఐదోది అయిపోయిన రోజు రైల్లో దిగులుగా కూర్చున్నాను. ఇంకో నాలుగు రాసుంటే అయ్యగారి సొమ్మేం పోయేది? ఇక ఏ వంకతో రేపల్లె రావాలి?

బుధవారం ఏంజెల్ ఫోన్. "ఫిన్నీగారూ, మొన్న ఆదివారం నాయనమ్మ పెట్టె అడుగున ఇంకోటి దొరికిందండి!"

శనివారం ఏంజెల్ ఆరో ఉత్తరం నా వైపు చూడకుండా గబగబా చదివేసింది. ధనమ్మగారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. నేను కాగితం దగ్గరికి తీసుకున్నాను. టీ వాసన! పైన తేదీ 1938. కింద అడ్రసు: రేపల్లె, 522265.

పాతదిలా కనపడాలని టీలో ముంచిన దొంగ ఉత్తరాన్ని కలెక్షన్‌లో పెట్టలేను. నిజం చెబితే ఈ పిల్ల మళ్ళీ మొహం చూపిస్తుందా?

అయినా చెప్పేశాను, గుసగుసగా. "అయ్యగారు యాభై ఒకటిలోనే ప్రభువులో నిద్రించారండి. పిన్‌కోడ్ వచ్చింది డెబ్బై రెండులో."

"ఆయన ప్రవక్తండి," అంది ఏంజెల్. అనేసి పెదవి కొరుక్కుంది. కళ్ళలో నీళ్ళు. "చింపేయండి. ఉత్తరాలు అయిపోతే మీరింక రారుగా, అందుకని..."

"చింపనండి. బతికున్నవాళ్ళు రాసింది నా దగ్గర ఒక్కటీ లేదు. ఇది నాకు కావాలి. రాసినవాళ్ళు కూడా కావాలి."

ఏంజెల్ బుగ్గలు కందిపోయాయి. "గట్టిగా అనకండి, నాయనమ్మ..."

"ఆమెన్," అన్నారు ధనమ్మగారు కళ్ళు తెరిచి. "టీపొడి డబ్బా ఖాళీ అయినప్పుడే అనుకున్నా. ఆ ఉత్తరం కోసం కాదులే, ఇంతసేపూ మీ ఇద్దరి కోసమే ప్రార్థించాను. మీ అమ్మానాన్నల్ని ఎప్పుడు తీసుకొస్తావు బాబూ?"

సంతోషం పట్టలేక ఏంజెల్ వైపు చెయ్యి చాచాను. ఆమె నా చేతి వంక అనుమానంగా చూసింది.

"కడుక్కునే వచ్చానండి!" అన్నాను.