రాజుగారి ఆజ్ఞ, మామ్మగారి గూడబాతు

ఏలూరులో ఎమ్మే ఇంగ్లిష్ రెండో సంవత్సరం క్లాసులో ఆ రోజు ఒక శవం దగ్గర గొడవ మొదలైంది.

శవం గ్రీకు నాటకంలోది. సొంత రాజ్యం మీదికే దండెత్తి వచ్చి చచ్చినవాణ్ణి ఎవరూ పూడ్చడానికి వీల్లేదని రాజు ఆజ్ఞ. చచ్చినవాడు నా అన్న, పూడ్చి తీరతానని చెల్లెలు. ఇద్దరిలో ఎవరిది న్యాయం అని అడిగి, హేమంత్‌కుమార్ మాస్టారు వినోదం చూడ్డానికి కుర్చీలో వెనక్కి వాలారు.

"చెల్లెలిదేనండి," అంది జాయ్సీ. "సొంత మనుషుల కన్నా చట్టం ఎక్కువేం కాదు."

"ఇంటికో చట్టం రాసుకుంటే ఇంక రాజ్యం ఎందుకండీ?" అన్నాడు వెనక బెంచీలోంచి సుకుమార్.

సుకుమార్‌ది తాడేపల్లిగూడెం. ఏలూరులో అక్క దగ్గర ఉండి చదువుకుంటున్నాడు. మనిషి నెమ్మది, మాట ఇంకా నెమ్మది. ఆ నెమ్మదికే జాయ్సీకి ఒళ్ళు మండేది.

"మీకు అక్కచెల్లెళ్ళు లేరా అండీ?"

"అక్క ఉందండి."

"రేపు మిమ్మల్ని పూడ్చొద్దని ఆర్డరొస్తే ఆవిడ ఊరుకుంటారా?"

"ముందు ఆర్డరు మీద సంతకం ఉందో లేదో చూస్తుందండి. ఫారెస్టు ఆఫీసరు కదా."

క్లాసంతా నవ్వింది. జాయ్సీ కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. మళ్ళీ ఇటు తిరిగేసరికి అతను చూస్తున్నాడు. ఆమెకు ఇంకాస్త మండింది.

"సెమినార్ పేపరు మీ ఇద్దరూ కలిసి రాయండి," అన్నారు మాస్టారు. "కుటుంబమా, చట్టమా అని. కొట్టుకోకుండా."

కొట్టుకున్నారు. లైబ్రరీలో, క్యాంటీన్లో, జాయ్సీ ఊరెళ్ళే దెందులూరు బస్సు వచ్చేదాకా బస్టాండులో. చెల్లెలికి పొగరని అతను, రాజుకి భయమని ఆమె. ఒకసారి బస్సు కదులుతుంటే అతను కిటికీ పక్కనే నడుస్తూ, "రాజుగారి కొడుకుని మర్చిపోయారండి. ఆ అమ్మాయినే చేసుకోవాలనుకున్నాడు," అన్నాడు.

"ఏమయ్యాడు బాబూ?" అంది జాయ్సీ పక్క సీట్లో పెద్దావిడ.

"చచ్చిపోయాడండి."

"అయ్యో," అంటూ ఆవిడ జాయ్సీని కిందికీ మీదికీ చూసింది. "ఈ పిల్ల కోసమేనా?"

పేపరు పూర్తి చేద్దాం, మీ ఊరొస్తానని అతను అంటే జాయ్సీ వద్దంది. ఎందుకు వద్దో చెప్పలేదు. అందుకే అతను వచ్చాడు. వాన దారిలోనే పట్టుకుంది. బండి దిగేసరికి కనురెప్పల మీంచి కూడా నీళ్ళు కారుతున్నాయి. అలా తడిసినవాడు అంత బాగుండాల్సిన అవసరం ఏముందో జాయ్సీకి అర్థం కాలేదు.

ఆమె మామ్మ సువార్తమ్మ తువ్వాలు తెచ్చి ఇచ్చింది. తల్లి లేని జాయ్సీని పెంచి పెద్ద చేసింది ఆవిడే.

"వందనాలండి. దొడ్లో కాళ్ళు కడుక్కొస్తాను," అన్నాడు సుకుమార్.

"అటెళ్ళకు బాబూ. మా అబ్బాయిరాజు స్నానం చేస్తున్నాడు."

"పర్వాలేదండి. ఆయన వచ్చాకే వెళ్తాను."

తడిక తోసుకుని అబ్బాయిరాజు వచ్చాడు. నడుమెత్తు ఉన్నాడు. బారెడు ముక్కు, ముక్కు కింద సంచి, సంచిలో ఇంకా కొట్టుకుంటున్న చేపపిల్ల. ఒక రెక్క కాస్త వాలి ఉంది. వచ్చినవాణ్ణి ఎగాదిగా చూసి చేపను మింగాడు.

"గూడబాతు," అన్నాడు సుకుమార్.

"మామూలు బాతేనండి," అంది జాయ్సీ. "కాస్త ఎదిగింది."

గాలివానకి వలలో చిక్కి, రెక్క విరిగి కొల్లేటి గట్టున పడి ఉంటే, చేపల చెరువుల మీద పనిచేసే జాయ్సీ నాన్న ఎజ్రా తెచ్చాడు. మామ్మ పసుపు రాసి, కట్టు కట్టి, చేపలు పెట్టి బతికించింది. ఇప్పుడది ఆవిడ కొంగు వదలదు. ఆవిడ ప్రార్థన చేస్తే పక్కన కళ్ళు మూసుకుని నిలబడుతుంది. అడవి పక్షిని ఇంట్లో ఉంచుకుంటే నేరమని జాయ్సీకి తెలుసు. మామ్మకీ తెలుసు, కానీ చెవిన వేసుకోదు.

మామ్మ టీ పెట్టడానికి వెళ్ళాక, "మీ అక్కగారికి చెప్తారా?" అంది జాయ్సీ.

అతను తువ్వాలు మడిచి పక్కన పెట్టాడు. "మీకు సులువండి. ఒక పక్క ఇల్లు, ఒక పక్క చట్టం. నాకు ఇల్లూ చట్టమూ ఒకే జీపులో తిరుగుతాయి."

"మరి రెండో పక్క ఎవరున్నారు?"

సుకుమార్ ఆమె కళ్ళలోకి చూశాడు. వాన కూడా కాస్త తగ్గి విన్నట్టయింది.

"అబ్బాయిరాజు," అన్నాడు.

అతను చెప్పలేదు. పైగా ఆదివారాలు చేపలు కొనుక్కుని రావడం మొదలుపెట్టాడు. పక్షి కోసమేనని అతనన్నాడు. పక్షి కోసమేనని జాయ్సీ కూడా అంది. మామ్మ అతని కోసం కూడా బియ్యం పోసేది.

ఒక సోమవారం క్యాంటీన్లో అతను టీ ముట్టుకోలేదు.

"చొక్కాకి చేపల వాసనేంటని అక్క అడిగిందండి. ఫ్రెండు రొయ్యల చెరువు చూడ్డానికి వెళ్ళానన్నాను. అమ్మానాన్నా పోయాక నన్ను చదివిస్తోంది అక్కే. దానికి అబద్ధం చెప్పడం ఇదే మొదలు."

జాయ్సీకి ఆ రోజు పాఠం ఎక్కలేదు. సొంత మనుషులే ఎక్కువని క్లాసులో గొంతు చించుకున్న తను, ఇతని చేత సొంత మనిషికే అబద్ధం చెప్పిస్తోంది. ఇంటికెళ్ళేసరికి ఇంకో సంగతి. ఆకాశంలో గూడబాతుల గుంపు కొల్లేటి వైపు పోతుంటే అబ్బాయిరాజు రెక్కలు కొట్టి, అరుగు దాకా ఎగిరి బోర్లా పడ్డాడు. లేచి అటే చూస్తూ నిలబడ్డాడు.

"సుకుమార్ గారి అక్క ఫారెస్టు ఆఫీసరు. దాన్ని ఆవిడకి ఇచ్చేద్దాం మామ్మా," అంది. మామ్మ ముఖం తిప్పుకుంది. అప్పుడు జాయ్సీ నాటకం కథంతా చెప్పింది. చెల్లెలు పోయింది, రాజుగారి కొడుకు పోయాడు, రాణి కూడా పోయింది.

మామ్మ బుగ్గన వేలేసుకుని వింది. "ఆ రాజూ ఆ పిల్లా ఒక్కపూటైనా కూర్చుని అన్నం తినలేదా?"

"లేదు మామ్మా."

"అదీ సంగతి." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఆ ఆఫీసరమ్మని భోజనానికి పిలు."

మరుసటి ఆదివారం చర్చి అయ్యాక సుకుమార్ అక్క సిల్వియా వచ్చింది. తమ్ముడి కన్నా పొడుగు, మాట కత్తిరించినట్టుంటుంది. మామ్మ కొరమీను పులుసు వడ్డించింది. రెండో ముద్ద దగ్గర అబ్బాయిరాజు వచ్చి పీట పక్కన నిలబడ్డాడు. సిల్వియా చెయ్యి ఆగిపోయింది. సుకుమార్ పళ్ళెంలోకి తల దించేశాడు.

"మీకు చూపించాలనే పిలిచానండి," అంది జాయ్సీ. "దాచింది మేము. సుకుమార్ గారు మీకు అబద్ధం చెప్పింది నా వల్ల. ఆయన్నేమీ అనకండి."

సిల్వియా చెయ్యి కడుక్కుని, పక్షి రెక్క విప్పి జాగ్రత్తగా చూసింది. "కట్టు ఎవరు కట్టారు?"

"నేనేనమ్మా. జైలంటే నేనే వస్తాను," అంది మామ్మ.

"గాయపడిన పక్షిని బతికించి అప్పగించారని రాస్తానండి. అది నిజం. ఆలస్యంగా అప్పగించారనీ రాస్తాను. అదీ నిజమే. పైవాళ్ళు పిలిస్తే వచ్చి సమాధానం చెప్పాలి."

"వస్తాను."

సిల్వియా మళ్ళీ పీట మీద కూర్చుంది. తమ్ముడి వైపు చూడకుండానే, "రొయ్యల చెరువు బాగుందిరా," అంది. "ఇంకాస్త పులుసు వెయ్యండి మామ్మగారూ."

సాయంత్రం జీపులో పక్షి వెళ్ళిపోతే మామ్మ ఖాళీ దొడ్లో కూర్చుని ఏడ్చింది. తర్వాత ఆవిడని ఫారెస్టు ఆఫీసుకి పిలిచి మందలించి వదిలేశారు. వారం తిరక్కుండా సిల్వియా నుంచి ఫోన్. అబ్బాయిరాజు ఎవరి చేతి చేపా ముట్టడం లేదట, అనుమతి తీసుకున్నాను, మామ్మగారు రాగలరా అని. ఆ రోజు నుంచి మామ్మని అబ్బాయిరాజు ఉన్న ఆటపాక పక్షుల కేంద్రానికి తీసుకెళ్ళే పని సుకుమార్ తీసుకున్నాడు. మామ్మకి తోడుగా జాయ్సీ. ఈ మధ్యలోనే సెమినార్ కూడా అయింది. ఇద్దరూ ఒకరి వాదన ఒకరు ఎత్తుకుని మాట్లాడితే మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

చినుకులు పడుతున్న ఒక ఉదయం పక్షిని కొల్లేట్లో వదిలారు. అది నీళ్ళ మీద కాసేపు తటపటాయించి, బరువుగా లేచి, గుంపులో కలిసిపోయింది. ఏది తమదో ఇక తెలియలేదు. మామ్మా సిల్వియా గట్టు మీద ముందుకు నడిచారు. వెనక వీళ్ళిద్దరే మిగిలారు.

"ఇక ఆదివారాలు రావడానికి కారణం లేదండి," అన్నాడు సుకుమార్.

"ఉండాలంటారా?"

"ఉంటే బాగుంటుందండి. పక్షి వంక పెట్టకుండా చెప్పాలనే ఇన్నాళ్ళూ ఆగాను. మిమ్మల్ని చేసుకోవాలనుంది."

జాయ్సీ అతని చెయ్యి పట్టుకుంది. వదల్లేదు.

ముందు నడుస్తున్న సిల్వియా వెనక్కి తిరిగింది. చూసింది. వెంటనే బైనాక్యులర్స్ ఎత్తి, కొల్లేటి వైపు ఎంతో శ్రద్ధగా పక్షుల్ని చూడడం మొదలుపెట్టింది.

"అటు కాదమ్మా, ఇటు చూడు," అంది మామ్మ, ఆవిడ భుజం పట్టి తిప్పుతూ. "ఎంత బాగున్నారో. ఎజ్రాకి నేను చెప్తాలే. మీవైపు పెద్ద నువ్వే కదా, నీకిష్టమేనా?"

"నన్ను అడిగేదేముందండి," అంది సిల్వియా నవ్వుతూ. "వాడు చెయ్యి వదిలితే కదా."