చేపగుర్తు ఉగ్గుగిన్నె

చింతపండు పెట్టి తోమేసరికి చిలుమంతా వదిలి, ఉగ్గుగిన్నె అడుగున సన్నటి ఉలిగీతల చేప బయటపడింది. లోకేశ్వరి గిన్నెను కిటికీ వెలుతుర్లో తిప్పి చూసింది. అలమరలోంచి మరో రెండు గిన్నెలు తీసి బోర్లించింది. మూడింటి మీదా అదే చేప, అదే చేతిపని.

మార్కాపురంలో డ్రాయింగు టీచరైన లోకేశ్వరికి పాత ఉగ్గుగిన్నెలు సేకరించడం ఒక వ్యసనం. పసిబిడ్డల నోట్లో పాలు వంచడానికి ముక్కుతో పోతపోసిన ఆ కంచు గిన్నెలు ఎక్కడ కనబడినా వదిలేది కాదు. అది ఏ ఇంటిది, ఏ తల్లి చేతిది అని ఆరా తీసేది. తమ బిడ్డ అడుగులైనా వేయకముందే విషజ్వరంతో పోయాక పట్టుకున్న పిచ్చి ఇదని భర్త నరహరికి తెలుసు. తెలిసీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. బిడ్డ పేరు పలకడం ఇద్దరూ ఏనాడో మానేశారు.

మూడు గిన్నెలూ పాతసామాన్ల మస్తాన్ కొట్లో కొన్నవే. గట్టిగా అడిగితే అతను కాసేపు నసిగి, చివరికి చెప్పాడు. దోర్నాల పైన నల్లమలలో ఒక గుహ ఉందట. దాని లోపల అడ్డంగా కట్టిన పాతగోడ వానలకు కొంత జారి, మనిషి దూరేంత కంత పడిందట. మేకల కాపరి ఒకడు దూరి, చేతికందినవి తీసుకుని భయంతో పరుగెత్తి వచ్చాడట.

"గిన్నెల కోసం గోడ కడతారా టీచరమ్మా? లోపల బంగారముంది," అన్నాడు మస్తాన్.

లోకేశ్వరికి బంగారం అక్కర్లేదు. ఆ చేప ఏ ఊరిదో తెలియాలి. వద్దని చెప్పి చూసిన నరహరి, ఆమె వినకపోయేసరికి తాడూ టార్చిలైట్లూ సర్దుకుని తనూ బయల్దేరాడు. బంగారం ఆశతో మస్తాన్ కూడా గునపం భుజాన వేసుకుని వెంట వచ్చాడు.

దారి చూపడానికి చెంచుపెద్ద ఈదన్న ఒప్పుకున్నాడు. ఎక్కడికో చెప్పగానే అతని మొహం మాడిపోయింది. దాన్ని మూగబిలం అంటారనీ, తేనెకు కూడా తమవాళ్లు అటు పోరనీ చెప్పాడు. అయినా, దారి తెలియని మనుషుల్ని అడవికి వదిలేయలేక ముందు నడిచాడు.

మండువేసవి. ఎండి గలగలమనే వెదురుపొదల్లోంచి, నీటిచుక్క లేని వాగురాళ్ల మీదుగా నడక సాగింది. ఒకచోట చెట్టుతొర్ర దగ్గర ఎలుగుబంటి కనబడితే, అది కదిలిపోయేదాకా నలుగురూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఆఖరున నిట్టనిలువు కొండచరియ. సగం ఎక్కాక నరహరి కాలికింద రాయి ఊడింది. అతను గాలిలో వేలాడాడు. నడుముకు కట్టిన తాడును మస్తాన్ అరచేతులు చీరుకుపోతున్నా వదల్లేదు. పైకి లాగి, రక్తం లుంగీకి తుడుచుకుని నవ్వాడు.

గబ్బిలాల కంపుకొట్టే గుహలో వంగి నడిస్తే గోడ వచ్చింది. గచ్చు పూసిన గోడ. దాని మీద బారెడు చేప. గోడకు ఇవతలే ఉంటానని ఈదన్న ఆగిపోయాడు. ముగ్గురూ కంతలోంచి పాకి లోపలికి దిగారు.

లైటు పడిన చోటల్లా ఉగ్గుగిన్నెలే. గోడవారగా, వరసగా, ఒక్కో గిన్నె పక్కన ఒక్కో చిన్న రాళ్లకుప్ప. కాపరి చెదరగొట్టిన కుప్ప కింద, చేటలో పట్టేంత ఎముకలు.

లోకేశ్వరి వంగి ఒక గిన్నె ఎత్తి చూసింది. లోపల నల్లటి పెచ్చు. పసిబిడ్డ ఏడుపు ఆపడానికి వెనకటి రోజుల్లో నల్లమందు రంగరించి పోసేవాళ్లని అమ్మమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. కంత దగ్గరికి వెళ్లి, ఇక్కడేం జరిగిందని ఈదన్నను అడిగింది.

"కింద ఊరిమీద గుర్రాల దండు పడిందంటమ్మా. ఊరంతా ఈడ దాక్కుంది. దండేమో కింద వాగుకాడే దిగింది. ఒక్క బిడ్డ ఏడ్చినా అందరూ చచ్చేవాళ్లు. తల్లులే పోసినారు."

"తర్వాత?"

"దండు పోయింది. బిడ్డలు లేవలా. గోడ కట్టి, ఆ తల్లులు మళ్లా ఊరికి పోలేదంట. ఊరే పాడుబడింది."

చేప ఏ ఊరిదో తెలిసింది. ఆ ఊరికి పేరు కూడా మిగల్లేదు. నరహరి వచ్చి భార్య భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె గిన్నెను తీసినచోటే పెట్టేసి, పోదాం పదండంది.

మస్తాన్ కదల్లేదు. "ఇంత గోడ పిల్లల కోసం ఎవరు కడతారు?"

"తల్లులు కడతారు," అంది లోకేశ్వరి.

అతను తల అడ్డంగా ఊపాడు. మీరు నడవండి, గోడ కింద ఒక్క పోటు పొడిచి చూసి వస్తానన్నాడు. వాళ్లు కంత దాటి పది బారలైనా పోలేదు, గోడ మొదట్లో గునపం దిగిన చప్పుడు వినిపించింది. మరుక్షణం ఇన్నేళ్ల వానలకు గుల్లబారిన గోడా, దాని మీద ఆనుకున్న కప్పూ ఒక్కటిగా కూలాయి. దుమ్ము కమ్మేసింది. ఈదన్న ఇద్దర్నీ రెక్కపట్టి బయటికి ఈడ్చాడు.

దుమ్ము అణగగానే ముగ్గురూ వెనక్కి దూకి రాళ్లు పెకిలించారు. ఒకటి తీస్తే రెండు జారాయి. రాళ్లసందులోంచి మస్తాన్ గొంతు సన్నగా వచ్చింది.

"టీచరమ్మా, లైటు ఆరిపోయింది."

గోళ్లు ఊడేలా తవ్వారు. అతను గునపంతో రాయిని కొడుతూ ఉన్నాడు. ఈదన్న పరుగున వెళ్లి మనుషుల్ని తెచ్చేసరికి ఆ చప్పుడు ఆగిపోయింది. వచ్చినవాళ్లు రెండ్రోజులు పాటుపడ్డారు. కొండ ఇంకా జారుతోంది, ఇక తాకితే తవ్వేవాళ్లూ మిగలరని చేతులెత్తేశారు.

మస్తాన్ భార్య జైనాబీ ఆ చరియంతా ఎక్కి వచ్చింది. రాళ్లగుట్టను అరచేత్తో తడిమింది. ఆమెకు కన్నీళ్లు రాలేదు.

"చీకటంటే ఆయనకు భయం," అంది. "ఒక్కడే ఉన్నాడా లోపల?"

లోకేశ్వరి ఆమె పక్కన కూర్చుంది. "ఒక్కడే లేడమ్మా. పిల్లలున్నారు."

"ఎవరి పిల్లలు?"

చెప్పక తప్పలేదు. గిన్నెల సంగతీ, నల్లమందు సంగతీ, గోడ కట్టి వెళ్లిపోయిన తల్లుల సంగతీ చెప్పింది. చెబుతూ చెబుతూ, ఇన్నాళ్లూ పలకని తన బిడ్డ పేరు కూడా చెప్పింది. నరహరి తల వంచుకున్నాడు.

జైనాబీ అంతా విన్నది. రాయికి నుదురు ఆనించి, గుండెలు బాదుకుంటూ ఏడవడం మొదలుపెట్టింది. ఆ ఏడుపు గుహంతా తిరిగి, లోయలోకి దిగింది.

ఊరుకోమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.