వీపు వైపు మైదానం

స్టేడియంలో పడమటి క్యాంటీన్ కాపలా డ్యూటీని గొర్లె సత్యారావు తన బావమరిదికి ఇచ్చుకున్నాడు. ఆ క్యాంటీన్ అద్దంలో మైదానం పైసా ఖర్చు లేకుండా కనిపిస్తుంది. పది రోజులుగా తవిటయ్య అడిగింది ఆ అద్దమొక్కటే. సూపర్‌వైజరు కుర్చీ ఎక్కాక సత్యారావు కంటికి చుట్టాలు తప్ప మరెవరూ ఆనడం లేదు.

అందుకే ఇవాళ కూడా తవిటయ్య తూర్పు గ్యాలరీ కంచె దగ్గర, మైదానానికి వీపు పెట్టి నిలబడ్డాడు. ఎదురుగా నాలుగు వేల ముఖాలు. గడ్డాలన్నీ ఒక్కసారిగా లేచాయంటే సిక్సరు. నోళ్లు తెరుచుకుని అలాగే ఉండిపోతే క్యాచ్ జారింది. పదకొండేళ్లుగా ఆట అతనికి జనం ముఖాల్లోనే జరుగుతోంది.

అతని తండ్రి రోజుల్లో యాభై రూపాయల టికెట్టుకి సాయంత్రం దాకా చూసి, గొంతు పోయేలా అరిచి ఇంటికొచ్చేవాళ్లు. తర్వాత గంటకింత అన్నారు, ఆ తర్వాత ఓవరుకింత అన్నారు. ఇప్పుడు గేటు దగ్గరే కళ్లకు రెప్పతెర తొడుగుతారు. తెరిచి ఉంచితే బంతి బంతికీ చూపుసుంకం. సుంకం ఎగ్గొట్టి చూసేవాళ్లను పట్టుకునే కాపలావాళ్లకు తెర లేదు, హామీ ఉంది. గంభీరం ఊళ్లోని పదహారు సెంట్ల జీడితోట హామీగా రాసిచ్చి తవిటయ్య పనిలో చేరాడు. వెనక్కి తిరిగితే బంతికి రెండు సెంట్లు కంపెనీవి. మెడపట్టీ లెక్క వేస్తుంది.

మైకులో పేరు వినిపించింది: పొట్నూరు హిమజ. తవిటయ్య కూతురు. మొదటి మ్యాచ్, మొదటి ఓవరు.

వెంటనే గ్యాలరీ అంతా రెప్పతెరలు నల్లబడ్డాయి. ఊరూ పేరూ తెలియని బౌలరు మీద ఎవరు ఖర్చు పెడతారు? ఒక్క చూపూ పడకపోతే దాన్ని ఖాళీ ఓవరంటారు. ఖాళీ ఓవరు వేసినవాళ్లను మళ్లీ జట్టులోకి పిలవరు.

"బాబూ, ఒక్క బంతి సూడండి. మా గుంట," అన్నాడు తవిటయ్య, ముందు వరుసలోని పెద్దమనిషితో.

"మీ అమ్మాయైతే నువ్వు చూసుకోవయ్యా. బంతికి నూట అరవై! వచ్చే ఓవరుకి దాచుకున్నాం," అన్నాడాయన తెర ఎత్తకుండానే.

పక్క కంచె దగ్గర కాపలా ఉన్న ముత్యాలు గొంతు తగ్గించింది. "తవిటన్నా, తిరగకు. తోట పోతాది."

నాలుగు వేల నల్లతెరలు. వాటిలో ఆట లేదు. తవిటయ్య తిరిగాడు.

పచ్చిక ఇంత పచ్చగా ఉంటుందని మరిచిపోయాడు. మోచేతికి గుడ్డ చుట్టుకుని కూతురు పరుగెత్తుకొస్తోంది. బోర్డు మీద చూపుల లెక్కలో సున్నా పోయి ఒకటి పడింది. మెడపట్టీ కూసింది.

"ఒరే తవిటయ్యా! ఇటు తిరగరా! మతి పోనాదేటి?" చెవిలోని ఇయర్‌ఫోనులో సత్యారావు అరుపు.

"నువ్వొచ్చి తిప్పు," అన్నాడు తవిటయ్య.

రెండో బంతికి బోర్డు మీద రెండు. పక్కన ముత్యాలు కూడా తిరిగింది.

"ఏటలా సూత్తావు? నాకు మాత్రం కళ్లు లేవేటి?" అంది.

మూడో బంతికి ఉత్తరం వైపు కాపలావాళ్లు ఐదుగురు తిరిగారు. జనానికి ఎదురుగా ఇక అన్నీ వీపులే. కాపలా లేని గ్యాలరీకి ఏ ధర కట్టాలో తెలియక బోర్డు మీద సుంకం గడి ఖాళీగా మినుకుమంది. ఒకటీ రెండూ రెప్పతెరలు లేచాయి, తర్వాత వరసలకు వరసలే.

నాలుగో బంతి వైడు.

"అయ్యో, తల్లీ!" అన్నాడు తవిటయ్య. ఇంకో బంతి వెయ్యాలి. ఇంకో రెండు సెంట్లు. హిమజ తల వంచుకుని వెనక్కి నడిచింది. అతను అక్కడే నిలబడ్డాడు, చివరి బంతి కీపరు చేతిలో పడేదాకా.

ఏడు బంతులకు పోయింది పద్నాలుగు సెంట్లు, పదకొండు జీడిచెట్లతో సహా.