కాగితం మార్చాను

వరద నీళ్లు పంప్‌హౌస్ కిటికీ దాకా వచ్చిన ఏడాది అది. అంతకుముందు వరద మెట్ల దగ్గరే ఆగిపోయింది. ఆ తర్వాతిది గేటు కూడా దాటలేదు. అందుకని మాలో ఎవరైనా కిటికీ వరద అంటే ఆ ఏడాదే అని లెక్క. ఊరికి నీళ్లు తోడే ఆ పంపుకి నేను ఆపరేటర్ని. నాకప్పుడు యాభై రెండేళ్లు. పెళ్లి కాలేదు. నేను ఎవరినీ అడగలేదు, నన్నూ ఎవరూ అడగలేదు.

నీళ్లు తీసి మూడు వారాలైంది. గోడ మీద బురద గీత ఇంకా పోలేదు. మోటారు ఆపి బయటికి వచ్చేసరికి ఒకావిడ మా ఇనుప రెయిలింగు కింద చెయ్యి పెట్టి తడుముతోంది. రెండో చేతిలో ఫోను.

"ఏం పోయింది?" అన్నాను.

ఆవిడ ఉలిక్కిపడింది. "ఏం పోలేదండీ."

"మరేం వెతుకుతున్నారు?"

"డబ్బా."

"ఎవరిది?"

"తెలీదు."

"అందులో ఏముంది?"

"కాగితం. దాని మీద పేరు రాసి, మళ్లీ అక్కడే పెట్టేసి వెళ్లిపోతాను."

కాసేపు ఆవిడనే చూశాను. ఎండదెబ్బ తగిలిందేమో అనిపించింది. "మంచినీళ్లు కావాలా?" అన్నాను.

ఆవిడకు నవ్వు ఆగలేదు. "నాకేం పిచ్చి లేదండీ. ఇదొక ఆట. జియోకాషింగ్ అంటారు. ఎవరో ఒక డబ్బా దాచి, ఆ చోటు ఎక్కడో నెట్‌లో పెడతారు. మనం ఫోను చూసుకుంటూ వచ్చి వెతకాలి."

"దొరికితే ఏమిస్తారు?"

"ఏమీ ఇవ్వరు."

నేను లోపలికి వెళ్లి, నట్లూ వాషర్లూ వేసుకున్న చిన్న ప్లాస్టిక్ డబ్బా తెచ్చి చూపించాను. "ఇదేనా?"

ఆవిడ ముఖం ఎర్రబడింది. "మీరు తీసేశారా! వాళ్ల సొమ్మేం పోయిందని తీస్తారండీ జనం?"

"నది తీసింది. చెత్త ఆపే జల్లెడలో దొరికితే నేను ఆపాను."

ఆవిడ వాషర్లన్నీ నా దోసిట్లో ఒంపి, డబ్బాను తుడిచి, "సారీ అండీ, పంపుగారూ," అంది. అప్పటినుంచి నా పేరు అదే.

ఆవిడ కళ్ళజోళ్ల షాపులో పనిచేసేది. అద్దాలు అరగదీసి ఫ్రేములకు బిగించడం ఆవిడ పని. భర్త పోయి ఆరేళ్లు. తమ్ముడి ఇంట్లో ఉండేది. నేను మనసులో అద్దాలావిడ అనుకునేవాణ్ణి. పైకి ఏమీ అనేవాణ్ణి కాదు.

ఆ డబ్బా దాచినవాళ్లెవరో ఎన్నిసార్లు రాసినా పలకలేదట. ఆవిడే దాన్ని తన పేరు మీదికి మార్పించుకుని, రెయిలింగు వెనక వేలాడదీసి, కాపలా నాకు అప్పగించింది.

"శనివారం శనివారం చూడండి. కాగితం తడిస్తే ఆరబెట్టండి. నిండిపోతే కొత్తది పెట్టండి. చూసినట్టు ఒక ముక్క రాయండి."

మొదటి శనివారం రాశాను. 'డబ్బా ఉంది. నీటిమట్టం పదకొండు అడుగులు.'

మర్నాడు దాని కింద ఆవిడ రాసింది. 'పంపుగారి మూడ్ ఎన్ని అడుగులు?'

వారం ఆగి, 'మామూలే' అని రాశాను.

అలా మొదలైంది. పైనా కిందా ముక్కూ ముఖం తెలియని వాళ్ల సంతకాలు, మధ్యలో మా ఇద్దరి మాటలు. నోటితో రోజంతా రాని మాట ఆ చిన్న కాగితం మీద ఒక్కోసారి వచ్చేది. ఒకసారి 'ఈ వారం మీరు రాలేదు' అని రాశాను. నా లెక్కలో అది పెద్ద ఉత్తరం.

ఆదివారాలు ఇద్దరం కలిసి వెతకడానికి వెళ్లేవాళ్లం. బస్టాపు బెంచీ అడుగున అయస్కాంతంతో అంటించిన డబ్బా, లైబ్రరీ మెట్ల పక్క పూలకుండీలో ఒకటి, స్టేడియం గోడలో ఊడొచ్చే ఇటుక వెనక ఒకటి. ఫోను ఆవిడ చూసేది. డబ్బా నాకు కనపడేది.

"మీరు ఎక్కడ చూస్తే అక్కడే ఉంటుందేంటండీ? ఏమైనా మంత్రమా?"

"ముప్పై ఏళ్లుగా పైపుల్లో లీకులు వెతుకుతున్నాను."

"అయితే నేను లీకులు పట్టే మనిషితో పోటీ పడుతున్నానన్నమాట!"

నాతో షిఫ్టు మారే కుర్ర ఆపరేటరు ఊరుకునేవాడు కాదు. "అన్నా, ఇస్త్రీ చొక్కా! డబ్బా కోసమేనా ఇదంతా?"

"నోర్మూసుకుని గ్రీజు పెట్టు," అనేవాణ్ణి.

ఏడాది గడిచింది. మళ్లీ వానలు పట్టుకున్నాయి. ఒక ఆదివారం ఇద్దరం బస్టాపు రేకుల కింద ఇరుక్కున్నాం. రేకుల మీద చినుకుల మోతకు పక్కనున్న మనిషి మాట కూడా సరిగ్గా వినపడటం లేదు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నా వైపు చూసింది.

"అద్దాలు లేకుండా చూస్తే మీరు ఇంకా బాగున్నారండీ. మసగ్గా."

నాకు నవ్వొచ్చింది. ఆవిడ కళ్లు అంత దగ్గరగా, మధ్యలో అద్దం లేకుండా చూడటం నాకదే మొదటిసారి. వాన ఇంకాసేపు ఆగకపోతే బాగుండు అనుకున్నాను.

"మా తమ్ముడికి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది," అంది ఆవిడ. "రేపు కాదు, పై సోమవారం ప్రయాణం. అక్కడా కళ్ళజోళ్ల షాపులుంటాయి, నువ్వూ వచ్చెయ్యక్కా అంటున్నాడు. వెళ్లనా?"

వద్దు అనాలి. రెండక్షరాలు. గొంతు దాకా వచ్చాయి. నాకు ఉన్నది పంప్‌హౌస్ వెనక ఒక గది, అందులో ఒకటే మంచం. ఏ ముఖం పెట్టుకుని ఉండమంటాను అనిపించింది.

"మీ ఇష్టం," అన్నాను.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. "నా ఇష్టం నాకు తెలుసులెండి. మీ ఇష్టం ఏంటని అడిగాను."

"బస్సొచ్చింది," అన్నాను. నిజంగానే వచ్చింది. ఆవిడ ఎక్కి వెళ్లిపోయింది.

ఆ వారమంతా వాన. శనివారం డబ్బా తీశాను. మూత సరిగ్గా పడలేదు, లోపలికి నీళ్లు చేరాయి. కాగితం చుట్ట తడిసి ముద్దయింది. మోటారు మీద అరగంట పెడితే ఆరేది. అంతకుముందు రెండుసార్లు అలాగే ఆరబెట్టాను. ఆ రోజు బుద్ధి పుట్టలేదు. వెళ్లిపోయే మనిషి పాత జోకులు ఆరబెట్టుకుని చదివి ఏం చేస్తాను అనుకున్నాను. ముద్దను అలాగే తీసుకెళ్లి చెత్తబుట్టలో వేశాను. కొత్త కాగితం చుట్టి, దాని మీద రాశాను. 'డబ్బా ఉంది. కాగితం మార్చాను.'

నీటిమట్టం రాయలేదు. ఆదివారం డ్యూటీ కుర్రాడికి ఇచ్చేసి గదిలో పడుకున్నాను. వెళ్లొస్తానంటూ వస్తే ఆ ముఖం చూడలేను.

సోమవారం కుర్రాడు చెప్పాడు. "నిన్న ఆవిడ వచ్చిందన్నా. డబ్బా తీసి చూసి, మళ్లీ పెట్టేసింది. ఏమైనా చెప్పమంటారా అన్నాను. 'చెప్పాల్సినాయన చెప్పేశారులే' అంది. ఏం చెప్పావేంటి?"

"ఏం చెప్పలేదు."

బస్టాపులో నేనన్న మాట గురించే అనుకున్నాను.

కిటికీ వరద తర్వాత ఐదో ఏడు, ఒక మధ్యాహ్నం గేటు దగ్గర కారు ఆగింది. ముందు ఒక లావుపాటి పెద్దమనిషి దిగాడు. వెనక అద్దాలావిడ. జుట్టు కొంచెం నెరిసింది. నవ్వు మాత్రం అదే.

"ఈయనేనా పంపుగారు!" అని ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఆయన స్కూల్లో డ్రాయింగ్ మాస్టారు. ఆవిడతో పెళ్లై రెండేళ్లయిందట. "మీ గురించి ఎంత చెప్పిందో! రోజుకు పది మాటలకు మించి ఖర్చు పెట్టరటగా? నేను పొద్దున లేవగానే వెయ్యి ఖర్చు పెట్టేస్తానండీ!"

ఆయన నది బొమ్మ గీసుకుంటానని పుస్తకం తీసుకుని గట్టు మీదికి వెళ్లాడు. ఆవిడ రెయిలింగు దగ్గర నిలబడింది.

"ఒక్కటి అడగనా? కోపం లేదు, అదెప్పుడో పోయింది. ఆ వారం మధ్యలో వచ్చి, ఉండమంటే ఉండిపోతాను, ఆదివారంలోగా ఒక్క ముక్క రాయండి అని డబ్బాలో కాగితం మీద రాశాను కదా. వచ్చి చూస్తే తెల్ల కాగితం. 'కాగితం మార్చాను.' ఆ రోజు ఎంత ఏడ్చానో. తర్వాత తలుచుకుని నవ్వాను కూడా. కాదని చెప్పడానికి కూడా ఇంత పొదుపా ఈయనకి అని."

రెయిలింగు గట్టిగా పట్టుకున్నాను. ఎండకు ఇనుము కాలుతోంది. అయినా వదల్లేదు.

"ఒక్కోసారి అనిపించేది," అంది ఆవిడ. గొంతు తగ్గింది. "వానకి తడిసిపోయి అసలు చదవలేదేమో అని. నోటితో ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేదేమో అని. అదొక్కటి తేలితే చాలు. చదివారా?"

గట్టు మీద నుంచి మాస్టారు చెయ్యి ఊపుతూ, "ఇలా రావే! నీలం పిట్ట! కదలకుండా కూర్చుంది!" అని కేకేశాడు. ఆవిడ అటు తిరిగి, "వస్తున్నా, దాన్ని భయపెట్టకండి!" అంది. ఆ మాటలో ఉన్న చనువు విన్నాను. మళ్లీ నా వైపు తిరిగి జవాబు కోసం నిలబడింది.

చదవలేదు అంటే ఆవిడ కారెక్కి ఆ ఇంటికి ఎలా వెళుతుంది? వెళ్లినా ఆ మాస్టారి ఎదురుగా ఎలా కూర్చుంటుంది?

"చదివాను," అన్నాను.

ఆవిడ కళ్ళు మూసుకుని తెరిచింది. "హమ్మయ్య. మీ మనసులో లేదు, అంతే కదా. అందులో ఎవరి తప్పూ లేదు."

తల ఊపాను.

"ఆరోగ్యం చూసుకోండి పంపుగారూ," అని గట్టు వైపు వెళ్లింది. నడుస్తూ నడుస్తూ పరుగులాంటి నడకలో పడింది. పిట్ట ఎగిరిపోకముందే అందుకోవాలని.

మర్నాడు పొద్దున ఆరింటికి కుర్రాడు షిఫ్టు దిగుతూ నా ముఖం చూసి, "ఏంటన్నా, కళ్ళు అలా ఉన్నాయి?" అన్నాడు.

రోజూ అయితే ఏం లేదు అనేవాణ్ణి. ఆ రోజు వాణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి మొదట్నుంచీ చెప్పాను. వాడి చేతిలో టీ చల్లారిపోయింది. తెల్ల కాగితం దగ్గరికి వచ్చేసరికి వాడు తల దించుకున్నాడు. మోటారు ఇంకా వెయ్యలేదు. ఆఫీసు నుంచి ఫోను మోగుతోంది. ఊళ్లో కుళాయిలు రాలేదని.

"అన్నా, మోటారు..." అన్నాడు వాడు మెల్లగా.

"ఆగు," అన్నాను. "ఇంకా ఉంది."