చివరి పోగుకి జవాబు

నమ్మరు. ముందే చెప్తున్నా, నెత్తిమీద చెయ్యి పెట్టుకుని ఒట్టేస్తున్నా, మీలో ఒక్కడూ నమ్మడు. నమ్మకపోతే నాకేం పోయింది? పెద్ద పెద్ద మీసాలోళ్ళని కూడా చీకట్లో ఒంటరిగా పెరట్లోకి పోనీకుండా చేసిన నోరు ఇది. చదువంటారా, పలక పగిలిన రోజే దానికీ నాకూ చెల్లు. ఆ వెనకాల కూర్చున్నాయన, నవ్వడం అయ్యాక చెప్పు, మొదలెడతా.

గాజుమావ అని ఒకాయన. ఆఫీసుల్లో కంప్యూటర్లకి వైర్లు లాగే పని. రాగి వైర్లు కాదయ్యా, వెంట్రుకంత సన్నటి గాజు పోగులు. వాటిల్లో వెలుతురు పరిగెడుతుంది. ఈ చివర లైటు వేస్తే, మధ్యలో ఎన్ని గోడలున్నా, ఆ చివర కనపడుతుంది. అందుకే ఆ పేరు.

ఇది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు ఉండాలి. ఆ చివర ఉండేది ఆయన పెళ్ళాం. పంటినొప్పని బుగ్గన ఎప్పుడూ లవంగం. పోగు చివరుండే బుల్లి రబ్బరు మూత పీకి, ఎక్కడ పోగొట్టుకుంటానో అని పళ్ళ మధ్య కరిచిపట్టుకునేది. ఎర్రలైటు పెన్ను పోగుకి ఆనించి రెండుసార్లు కొట్టేది, టిక్ టిక్. అంటే, కనపడిందా? ఈయన ఇటునుంచి ఒక్కటి, పొడుగ్గా వేసేవాడు. అంటే, కనపడింది, దిగిరా.

జవాబు రాందే ఆ చివర వదిలి కదలకూడదు. అదీ వాళ్ళ రూలు. ఒకసారి ఈయన టీకి పోయి మాటల్లో పడితే, ఆ మహాతల్లి పొద్దుగూకేదాకా అక్కడే కూర్చుంది. ఆ వారమంతా ఇంట్లో అన్నం ఉంది గానీ మాటల్లేవు.

పోయినేడు వానల్లో ఒక ఆఫీసుకి పోగులు లాగారు. ఈయన నేలకింద గదిలో. ఆవిడ వెనక బిల్డింగు మీదంతస్తులో. చివరి పోగు మిగిలింది. ఆవిడ కొట్టింది, టిక్ టిక్. ఈయన పెన్ను నొక్కాడు. వెలగలేదు. బ్యాటరీ అయిపోయింది. ఫోను చెయ్యొచ్చుగా అంటారు. చేశాడు. మోగింది. ఎత్తలేదు. పోన్లే అనుకుని వానలో పరిగెత్తి, సందు చివర కొట్లో బ్యాటరీ కొనుక్కొచ్చేసరికి... ఆవిడ గుండె ఆగిపోయి ఉంది. గోడకి ఆనుకుని, పోగు చేత్తో పట్టుకునే ఉంది.

జవాబు అందలేదు.

ఈ ఏడు అదే ఆఫీసుకి కొత్త స్విచ్చి, అంటే కంప్యూటర్లన్నిటినీ కలిపే పెట్టె, వచ్చింది. రాగి తీగ ఒక్కటి కూడా పట్టని డబ్బా, అంతా గాజు పోగులే. ఆఫీసుకి సెలవు రోజు చూసి, మధ్యాహ్నం పూట దాన్ని మొదటిసారి ఆన్ చెయ్యడానికి గాజుమావ వెళ్ళాడు. జేబులో ఆవిడ పెన్ను. అవతలి చివర ఆవిడ తమ్ముడు.

"బావా, చల్లగా ఏసీలో నువ్వు, ఈ ఉక్కలో నేను. మా అక్కుంటే ఇట్లా జరిగేదా?" అన్నాడు బామ్మర్ది ఫోన్లో.

"మీ అక్కుంటే నిన్ను గేటు దాటనిచ్చేది కాదురా. మూతలు పారేసుకోకు."

గాజుమావ స్విచ్చి ఆన్ చేశాడు. ఫ్యాను గుయ్‌మంది. కొత్త ప్లాస్టిక్కు వేడెక్కిన వాసన. డబ్బా మీది లైట్లన్నీ ఒక్కసారి మెరిసి ఆరిపోయాయి. అటు బామ్మర్ది ఒక్కో పోగూ గుచ్చుతుంటే, ఇటు ఒక్కో లైటూ పచ్చగా వెలిగింది.

"చివరిది వద్దు. అది ఖాళీగా ఉండనీ. మూత తియ్యకు," అన్నాడు గాజుమావ.

"తియ్యలేదు బావా. ముట్టుకోను కూడా లేదు."

అప్పుడు చివరి లైటు వెలిగింది.

టిక్ టిక్.

ఆరింది.

టిక్ టిక్.

"ఆటలొద్దురా."

"ఏం ఆటలు?"

గాజుమావ ఆ పోగుని స్విచ్చిలోంచి పీకాడు. బాగా కనపడాలని గదిలో లైటు ఆర్పాడు. అరచెయ్యి అడ్డం పెట్టాడు. చేతిమీద ఎర్రటి చుక్క. రెండుసార్లు. మళ్ళీ రెండుసార్లు... ఆ పెన్ను చూస్తే తన జేబులోనే ఉంది.

ఫోన్లో బామ్మర్ది గుసగుసలాడాడు.

"బావా... నా పక్కన ఎవరో కూర్చున్నారు."

"ఎవర్రా?"

"కనపడట్లా... లవంగం వాసనొస్తోంది బావా."

గాజుమావకి అర్థమైంది. ఏడాది. ఏడాదిగా అక్కడే కూర్చుందన్నమాట. తను కాటి పనులూ కన్నీళ్ళూ అన్నీ ముగించుకుని ఇంటికొచ్చి, పడుకుని, లేచి, తిని, మళ్ళీ పడుకుంటుంటే... ఇది మాత్రం చీకట్లో కొడుతూనే ఉంది. కనపడిందా? కనపడిందా?

జవాబిస్తే కదిలిపోతుంది. ఇవ్వకపోతే ఇక్కడే ఉంటుంది, రోజూ వచ్చి చూసుకోవచ్చు. ఆ చుక్కని పిడికిట్లో మూసి, గుండెకి ఆనించుకుని చాలాసేపు నిలబడ్డాడు. చివరికి పెన్ను తీశాడు.

"పోవే... ఇంక పో తల్లీ," అన్నాడు.

ఒక్కటి. పొడుగ్గా.

ఎర్ర చుక్క ఆగిపోయింది.

"బావా," అన్నాడు బామ్మర్ది, "లేచింది. చెప్పుల చప్పుడు... మెట్లు దిగుతోంది..."

అప్పుడు గుర్తొచ్చింది గాజుమావకి. నోటితో పొమ్మన్నాడు గానీ, లైటుతో కాదు. వాళ్ళ రూలు ప్రకారం తను చెప్పింది, దిగిరా అని.

పారిపోయాడనుకుంటున్నారా? మీరైతే పారిపోదురు. ఆయన తలుపు తీసిపెట్టాడు. వైర్లు చుట్టే చెక్క చక్రం మీద కూర్చుని, ఎప్పట్లాగే పక్కకి జరిగి సగం చోటిచ్చాడు. చప్పుడు నేలకింద గది మెట్లు కూడా దిగింది. గడప దగ్గర ఆగింది. లవంగం వాసన. చక్రం అవతలి సగం కిర్రుమంది...

ఆయన తల తిప్పలేదు.

"బ్యాటరీ అయిపోయిందే," అన్నాడు. "అంతేనే. బ్యాటరీ."

బామ్మర్ది పడుతూ లేస్తూ వచ్చి లైటు వేసేసరికి ఆయనొక్కడే ఉన్నాడు, చిన్నపిల్లాడిలా ఏడుస్తూ. పక్కన, చక్రం మీద, ఒక బుల్లి రబ్బరు మూత. తడిగా. పంటిగాట్లతో. ఇద్దరూ పైకెళ్ళి చూశారు. పై పోగు మూత పెట్టింది పెట్టినట్టే ఉంది.

కిందకొచ్చారు. స్విచ్చిలో ఆ చివరి రంధ్రం ఖాళీగా ఉంది. పోగూ లేదు, ఏమీ లేదు. దాని లైటు మాత్రం వెలిగింది.

ఒక్కటి. పొడుగ్గా.

దిగిరా అంటోంది. ఎక్కడికయ్యా? అది నేలకింద గది. దానికింద మెట్లు లేవు, గదుల్లేవు. మట్టే. గాజుమావ మాత్రం దిగాడు, మళ్ళీ ఎవరికీ కనపడలేదు.

నవ్వావుగా వెనకాయనా? ఆ స్విచ్చి ఇంకా అక్కడే ఉంది, అడ్రసిస్తా, పో. ఆ లైటు వెలగట్లేదని నిరూపించు, మీసం తీసి నీ చేతిలో పెడతా. లోపలికి పోయినప్పుడు మాత్రం... ఆ చెక్క చక్రం మీద ఇప్పుడు రెండు వైపులా చోటు లేదు. నిలబడే చూసుకో.