కంబళి కట్టిన గది

మా ఆయన జగ్గారావు అప్పట్లో టాటానగర్‌లో బొగ్గు ఇంజను మీద ఫైర్‌మేన్. రాత్రి డ్యూటీ చేసినవాళ్ళకి పగలే రాత్రి కదా. అందుకని బాగ్‌బేరాలో మా క్వార్టరు వెనక గదిలో కిటికీకి నల్ల కంబళి మేకులు కొట్టి కట్టాం. మిట్టమధ్యాహ్నం కూడా ఆ గదిలో నా చెయ్యి నాకే కనబడేది కాదు. బొగ్గు మసి, కొబ్బరినూనె, చెమ్మ పట్టిన ఉన్ని... ఆ వాసన ఇప్పటికీ నా ముక్కుకి తెలుసు.

డ్యూటీ నుంచి రాగానే గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ "వరాలూ, నీళ్ళు" అనేవాడు. నా పేరు వరహాలు. వరాలూ అని పిలిచే మనిషి ఈ లోకంలో ఆయనొక్కడే.

డ్రైవరు కావాలని ఆయనకి ప్రాణం. అందుకు ఇన్‌స్పెక్టరు పక్కనుండి చూస్తుండగా బండి నడిపి చూపించాలి. రెండుసార్లు ఆ అవకాశం వచ్చింది, రెండుసార్లూ చెయ్యి జారిపోయింది. ఒకసారి నేను కొళాయి దగ్గరున్నాను, ఇంకోసారి గుడికి వెళ్ళాను. డ్యూటీ వాళ్ళని ఇంటింటికీ వచ్చి పిలిచే కాల్‌మేన్ పోలరాజు తలుపు కొడితే, లోపలినుంచి "ఒల్లు బాలేదు, రాలేను" అని జవాబు వచ్చిందట. మా ఆయనేమో నిద్రలో ఉన్నాను, నాకేమీ తెలీదంటాడు. పైడితల్లమ్మ మీద ఒట్టు కూడా వేశాడు.

"నీ గొంతు నాను ఎరగనా అన్నా?" అన్నాడు పోలరాజు, మా అరుగు మీద కూర్చుని టీ ఊదుకుంటూ. "తలుపైనా తియ్యకుండా సాబ్‌లాగ సెప్పీసినావు. ఈపాలి కూడా అలాగంటే నీ పేరు కొట్టేత్తారు. బస్, ఖతమ్. జన్మంతా బొగ్గు ఎత్తిపోసుకోడమే."

ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు.

మర్నాడు అత్తని అడిగాను. మా అత్త నూకమ్మ బియ్యంలో రాళ్ళేరుతోంది. చేట మీదనుంచి తలెత్తకుండానే చెప్పింది.

"మీ మావ డ్రైవరయిన కొత్తలో, ఆయన బండి కింద ఒక ఆడమనిసి పడిపోనాది. మరి ఇంజనెక్కలేదమ్మీ. కాల్ వత్తే ముసుగెట్టీసీవోడు. 'ఒల్లు బాలేదు, రాలేనని సెప్పరా' అనీవోడు. మా జగ్గడు తలుపుకాడికెల్లి ఆ మాటే సెప్పీసి వచ్చీవోడు. అప్పుడు ఆల నాన్న ఆడి తల నిమిరీవోడు." చేట ఒకసారి చెరిగి, "ఆ ఇంట్లో ఆడి తల నిమిరిందల్లా అప్పుడే" అంది.

నాకు అర్థమైంది. దెయ్యమూ కాదు, గాలీ కాదు. తండ్రి చెయ్యి తల మీద పడాలంటే చెప్పాల్సిన మాట అది. నిద్రలో ఆ మాట ఆయనే చెప్పుకుంటున్నాడు, తన నోటి దగ్గర కూడు తానే తోసేసుకుంటున్నాడు. అలా అనుకున్నాను.

మళ్ళీ పిలుపు వస్తుందన్న రోజున నేను గడప దాటలేదు. అత్త పక్కింటికి వెళ్ళింది. ముసురు. వసారా రేకుల మీద వాన చప్పుడు, యార్డులో వ్యాగన్లు ఒకదానికొకటి తగులుకునే చప్పుడు. ఆయన మంచం పక్కన నేల మీద కూర్చుని అమ్మవారి పేరు జపించుకుంటున్నాను.

తలుపు చప్పుడైంది.

"జగ్గారావన్నా... కాల్."

మంచం మీద ఊపిరి ఆగిపోయింది. మంచం కిర్రుమంది. ఆయన లేచి కూర్చున్నాడు... కళ్ళు మూసే ఉన్నాయని, తడిమితే తెలిసింది.

"ఒల్లు..."

చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

"ఏటండీ... నేనండీ," అన్నాను మెల్లగా.

"నాన్న తొంగున్నాడు... సెప్పాలి..." చిన్నపిల్లాడి గొంతు.

"మామగారు పోయి ఎన్నో ఏళ్ళయిందండీ. ఆయన భయం ఆయనతోనే పోయింది. మీ ఒళ్ళు బాగానే ఉంది. బాగానే ఉందని మీరే చెప్పండి."

బయటనుంచి పోలరాజు, "అన్నా, వానలో నానబెట్టీసినావు. నానేటి మినప్పప్పునా?"

నా పక్కనే ఆయన కాళ్ళు నేలకి దిగాయి. తరువాత, "నాన్నా, నాకు బాగానే ఉంది. నానెల్తాను."

ఆ వెంటనే గట్టిగా, "వత్తన్నా పోలరాజూ."

బూట్లు వేసుకున్నాడు. అమ్మవారి కుంకుమ పెట్టాను. పోలరాజు గొడుగు కింద ఇద్దరూ మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడి, కళ్ళు తుడుచుకుని, పక్క దులుపుదామని ఆ గదిలోకి వెళ్ళాను.

మంచం కిర్రుమంది.

ఊపిరి... ఎవరిదో.

"ఒల్లు బాలేదు... రాలేనని సెప్పు..."

మామగారే అనుకున్నాను. నేను కాపరానికి రాకముందే పోయారు, ఆయన గొంతు నేనెరగను. భయమేసింది, జాలీ వేసింది. చేతులు జోడించాను. "మామగారూ, మీ అబ్బాయి వెళ్ళిపోయారండీ. ఇంక మీరు నిశ్చింతగా ఉండండి."

వాన చప్పుడు... అంతే.

అప్పుడు, నా చెవి పక్కనే...

"నానెల్లలేదే, వరాలూ."

ఎలా బయటపడ్డానో తెలీదు. అత్త వచ్చేదాకా వానలో, తులసికోట పక్కన కూర్చున్నాను.

ఆయన మర్నాడు వచ్చాడు. బండి బాగా నడిపాడట, ఇన్‌స్పెక్టరు భుజం తట్టాడట. డ్రైవరయ్యాడు. ఆనాటినుంచి మొదటి చప్పుడికే లేస్తాడు, వానా ఎండా చూడడు, దేనికీ భయపడడు. పిల్లల్ని చదివించాడు. మాకు ఏ లోటూ లేదు. అత్త మాత్రం పోయేదాకా ఆయన్ని పరాయివాణ్ణి చూసినట్టే చూసింది.

బండి నడిపి వచ్చిన ఆ రోజు గుమ్మంలో బూట్లు విప్పుకుంటూ, "నీళ్ళు తే" అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ నన్ను వరాలూ అని పిలవలేదు.

కంబళి నేను విప్పలేదు. ఆయన డ్యూటీకి వెళ్ళగానే ఆ గది గుమ్మంలో చెంబుతో నీళ్ళు పెడతాను. సాయంత్రానికి చెంబు ఖాళీగా ఉంటుంది.

బొగ్గు ఇంజన్లు పోయాయి. ఇప్పుడాయన నడిపేది డీజిల్. చెంబు అంచున మాత్రం రోజూ మసి వేళ్ళ గుర్తులే.